రొట్టెలు మాడ్చిన రాజు పేరు

విథినీ, సోమర్సెట్
ఏప్రిల్ 1961

గౌరవనీయురాలైన అక్కయ్య హెస్టర్‌కు,

శిశువుకు పేరు పెట్టే విషయమై ఉత్తరం రాయదలచినవారు ముందుగా క్రమాన్ని స్థిరపరచుకోవలెను. క్రమం లేని ఉత్తరం గట్టు లేని కాలువ వంటిది. నీళ్ళుంటాయి గాని ఎవరి పొలానికీ చేరవు. మొదట విషయం, తరువాత పూర్వచరిత్ర, ఆ తరువాత విన్నపం, చిట్టచివర క్షేమసమాచారం. క్షేమసమాచారాన్ని ముందుకు తెచ్చే అలవాటు ఈమధ్య ప్రబలుతున్నది. దానివల్ల చదువరి అంతా బాగానే ఉన్నదనుకొని మిగతా ఉత్తరాన్ని చదవడం మానేస్తున్నాడు.

విషయం: నీ కుమార్తె బెరిల్‌కు ఆగస్టులో పుట్టబోయే మగశిశువు పేరు. పుట్టేది మగశిశువేనని ఎవరు చెప్పారని నువ్వు అడుగుతావు. ఆ అభ్యంతరాన్ని నమోదు చేసుకున్నాను.

పూర్వచరిత్ర: నాన్న పేరు, తాత పేరు, నా పేరు ఒక్కటే కనుక దాని అర్థం ఒకసారి స్మరించుకోవడం ఉచితం. ఆల్ఫ్రెడ్ అన్నది రెండు పాత మాటల కలయిక. మొదటిది ఎల్ఫ్: అడవుల్లో, గట్లమీద కంటికి కనబడకుండా తిరిగే చిన్నజాతి. రెండవది సలహా. కనబడనివారి సలహా పొందినవాడు ఆల్ఫ్రెడ్. కాలువల బోర్డు గుమాస్తాగా నాకు ఎక్కువగా కనబడేవారి సలహాలే అందాయి. అవి ఫైళ్ళలో భద్రంగా ఉన్నాయి.

ఈ పేరు ధరించినవారిలో ప్రథముడు వెయ్యేళ్ళ కిందటి మన రాజు. సముద్రం దాటి దండెత్తిన డేనులు తరిమితే, ఇక్కడికి దగ్గరలోనే ఉన్న ఆథెల్నీ చిత్తడి నేలల్లో దాక్కొని, మళ్ళీ లేచి వాళ్ళను ఓడించాడు. లాటిను గ్రంథాలను తన ప్రజల భాషలోకి తెచ్చాడు. దాక్కున్న రోజుల్లో ఒక పశువుల కాపరి గుడిసెలో కూర్చొని, పొయ్యిమీది రొట్టెలు చూస్తుండమన్న ఇల్లాలి మాట మరచి, వాటిని మాడనిచ్చి, ఆమెచేత చీవాట్లు తిన్నాడని కథ. చరిత్రకారులు దీన్ని నమ్మరు. విథినీ నమ్ముతుంది. తరువాతివాడు ఆల్ఫ్రెడ్ వాలెస్. మలయా దీవుల్లో జ్వరంతో పడుకొని, జీవజాతులు మారే రహస్యాన్ని కనిపెట్టి, దాన్ని ఇంకొక పెద్దమనిషికి రాసి పంపాడు. కీర్తి చాలావరకు ఆ పెద్దమనిషికే దక్కింది. వాలెస్ అలగలేదు. ఇది నాకు ఇప్పటికీ బోధపడని విషయం. పరదేశీయులలో స్వీడను దేశపు ఆల్ఫ్రెడ్ నోబెల్ చెప్పుకోదగినవాడు. మొదట డైనమైటు తయారుచేశాడు, చివర బహుమతులు ఏర్పాటు చేశాడు. మధ్యలో జరిగినది స్థలాభావంచేత వదిలేస్తున్నాను.

ఇక మన రొట్టెల పండుగ. వేసవి మొదట్లో వచ్చే పెంతెకొస్తు సోమవారం నాడు ఊరి పచ్చికమీద పొయ్యి పెట్టి, రాజును కూర్చోబెట్టి, రొట్టెలు మాడ్చి, కాపరి భార్యచేత తిట్టించే ఈ పండుగలో ఆల్ఫ్రెడ్ అని బాప్తిస్మం పొందినవాడే రాజు కావలెనన్నది మొదటి నియమం. రాజు ఎదురు చెప్పరాదన్నది రెండవది. ఊళ్ళోని రెండవ ఆల్ఫ్రెడ్ అయిన ఆల్ఫ్ వౌల్స్ బతికున్నన్నాళ్ళు ఒక ఏడు అతడు, ఒక ఏడు నేను కూర్చునేవాళ్ళం. అతడు పోయాక ఊరికి నేనొక్కణ్ణే మిగిలాను. నేను అవివాహితుణ్ణి. నా తరువాత ఊరు ఏ డెనిస్‌నో కూర్చోబెట్టవలసి వస్తుంది.

విన్నపం: శిశువుకు ఆల్ఫ్రెడ్ అని పేరు పెట్టవలెను. బాప్తిస్మం మన చర్చిలోనే జరగవలెను. జ్ఞానతండ్రిగా నిలబడి, పాదిరీగారు పేరు అడిగినప్పుడు ఆ పేరు పలకడానికి నేను సిద్ధం. పాదిరీగారికి ఇదివరకే తెలియజేశాను.

క్షేమం.

ఇట్లు,
ఆల్ఫ్రెడ్ చిడ్జీ
కార్యదర్శి, రొట్టెల పండుగ కమిటీ

*

బ్రిస్టల్
మే 1961

తమ్ముడూ,

క్షేమసమాచారం ఒక్క మాటలో ముగించావు కాబట్టి ఒంట్లో బాగోలేదేమోనని భయపడ్డాను. తరువాత నీ ఉత్తరం మళ్ళీ చదివి, బాగానే ఉన్నావని ధైర్యం తెచ్చుకున్నాను.

పేరు సంగతి ఎత్తితే బెరిల్ నవ్వి ఊరుకుంది. కాదనలేదు. దానికి ఆ పేరంటే ఇష్టమే, చిన్నప్పుడు తాత ఒళ్ళో పెరిగింది కదా. అల్లుడు రొనాల్డ్ మాత్రం 'కీత్' అంటున్నాడు. కూర్చుని చదువుతున్నావనే ఆశతో ఈ మాట రాస్తున్నాను.

నా మోకాళ్ళు నన్ను ఎక్కడికీ రానివ్వవు. పండుగకి బెరిల్ వస్తానంటోంది. కాపరి భార్యగా తిట్టే ఆల్ఫ్ పెళ్ళాం డోర్కస్ వౌల్స్ నోరు విని ఎన్నాళ్ళయిందో అని ఒకటే సరదా పడుతోంది. బెరిల్ బళ్ళో చదివేటప్పుడు, అక్కడ వండిపెట్టే డోర్కస్ వడ్డించిన పులుసు ముద్ద తినకపోతే, 'తినవే రాణీ, నీ మొహానికి వేరే వంటవాణ్ణి ఎవరు పంపుతారు?' అనేదట. ఇప్పటికీ అదే గొంతుతో చేసి చూపిస్తుంది.

నాన్న రాజుగా కూర్చున్న రోజులు గుర్తున్నాయా? ఒక ఏడు చర్చి దారిలో బురద గురించి కాపరి భార్య ఆయన్ని ఉతికి ఆరేసింది. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నాన్న తల వంచుకుని, కథలో రాజులాగే బాణం చెక్కుకుంటూ కూర్చున్నాడు. చెవులు మాత్రం బీట్‌రూట్ లాగా అయిపోయాయి. మర్నాడు పొద్దున్నే పార భుజాన వేసుకుని చర్చి దారికి వెళ్ళాడు. నువ్వూ వెనకాల బకెట్టు పట్టుకుని వెళ్ళావు. 'తిట్టించేది రొట్టె గురించి కాదురా, ఏడాదికోసారి పెద్దమనిషి చెవులు కడగడానికి' అనేవాడు.

శీతాకాలంలో కాలువ పొంగి అందరి వంటిళ్ళలోకీ నీళ్ళొచ్చాయని విన్నాను. డోర్కస్ ఊరుకోదు. ఊరుకోకూడదు కూడా. తల వంచుకుని కూర్చో. రాజుకి అంతకన్నా వేరే పనేముంది?

నీ అక్క,
హెస్టర్

*

విథినీ
జూన్ 1961

అక్కయ్య హెస్టర్‌కు,

రొట్టెల పండుగ నివేదికను కమిటీ రికార్డుకై సిద్ధపరచాను. సారాంశాన్ని నీకు పంపుతున్నాను.

వాతావరణం అనుకూలించింది. ఆపిల్ కల్లు సరిపోయింది. బరికె బుట్టల పోటీలో ఎప్పటివలెనే అందరికీ రెండవ బహుమతి ఇచ్చాము. రొట్టెలు నిర్ణీత సమయానికి మాడాయి. కాపరి భార్యగా శ్రీమతి వౌల్స్ సంప్రదాయానుసారం మందలింపు ప్రారంభించారు. శీతాకాలపు వరద, కాలువల స్థితిగతులు, నా చేతులు మొదలైన అంశాలను స్పృశించారు. ప్రజలు ఆనందించారు. అనంతరం రాజు క్లుప్తంగా ఒక మాట సెలవిచ్చారు. దానితో మందలింపు సమాప్తమైంది. కార్యక్రమం అనుకున్నదానికన్నా ముందుగా ముగిసినందున టీ చల్లారే ప్రసక్తి లేకపోయింది. దీనిని మెరుగుదలగా పరిగణించవచ్చు.

సోంపు కేకు చాలా మిగిలింది.

బెరిల్ నాతో చెప్పకుండానే ముందు బస్సుకు వెళ్ళిపోయింది. ఆమె ఉన్న స్థితిలో అది సహజం. శ్రీమతి వౌల్స్ తమ అప్రన్‌ను పొయ్యి పక్కన మరచిపోయారు. అది నావద్ద భద్రంగా ఉన్నది. ఆమెకు చేర్చే విధానం పరిశీలనలో ఉన్నది.

బాప్తిస్మం తేదీ గురించి పాదిరీగారు అడుగుతున్నారు.

ఇట్లు,
ఆల్ఫ్రెడ్ చిడ్జీ

*

బ్రిస్టల్
జూన్ 1961

ఆల్ఫ్రెడ్,

'తమ్ముడూ' అని మొదలుపెట్టబోతే చెయ్యి రాలేదు.

బెరిల్ ఆ రోజు ఇంటికొచ్చి, కోటు విప్పకుండా వంటింట్లో కూలబడింది. కడుపులో నొప్పేమోనని నేను కంగారుపడ్డాను. 'మామయ్య ఏమన్నాడో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉందమ్మా' అంది. అన్నది నువ్వు, సిగ్గుపడేది అది.

నీ నివేదికలో స్థలం చాలలేదు కాబట్టి నేను రాస్తాను. డోర్కస్ అందట: 'ఏమయ్యా రాజా, రొట్టెలు చూడమంటే చూస్తావు, మాడుతున్నా చూస్తూనే ఉంటావు. మా వంటిళ్ళలోకి నీళ్ళొస్తుంటే చూశావు. కాలిబాట వంతెనకి పట్టుకునే కర్ర విరిగి ఎన్నాళ్ళయింది, దాన్నీ చూస్తూనే ఉన్నావు. నీ కళ్ళు బంగారం నాయనా, చేతులే ఎవరో ఎత్తుకుపోయారు.' ఊరంతా నవ్విందట. బెరిల్ కూడా నవ్వింది. అందులో ఒక్క చెడ్డ మాట లేదు.

అప్పుడు నువ్వు రేకు కిరీటంతో లేచి నిలబడ్డావు. 'నేను రొట్టెలే వదిలేశాను డోర్కస్. నువ్వు రొట్టెలు చూసుకుంటూ ఎవర్ని వదిలేశావో ఊరందరికీ తెలుసు' అన్నావు.

ఎవరూ నవ్వలేదట. బాండులో ఒకతను బాకా నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడట. డోర్కస్ అప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, పొయ్యి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. మరచిపోలేదు, ఆల్ఫ్రెడ్. మరచిపోయేవాళ్ళు మడతలు పెట్టరు.

మతి జారిన మొగుణ్ణి పసిపిల్లాణ్ణి కాచుకున్నట్టు కాచుకుంది ఆ మనిషి. పొయ్యిలోంచి రొట్టెలు తీసే ఆ కాసేపట్లోనే ఆల్ఫ్ గుమ్మం దాటాడు, వంతెన దగ్గర కాలువలో దొరికాడు. ఆ సంగతి ఊళ్ళో ఎవరూ ఆమె ముందు ఎత్తరు. తాగుబోతులు కూడా ఎత్తరు. కార్యదర్శి ఎత్తాడు.

నువ్వు ఏప్రిల్లో పంపిన గొప్ప ఆల్ఫ్రెడ్ల కథల్లో వదిలేసిన ముక్కలు నేను పూరిస్తాను. నోబెల్ వాళ్ళ అన్న చనిపోతే, పేపరువాళ్ళు పొరపాటున ఈయనే పోయాడనుకుని 'చావు వ్యాపారి చచ్చాడు' అని వేశారని, పొద్దున్నే అది ఆయన తన కళ్ళతోనే చదువుకున్నాడని చెప్పుకుంటారు. పేపరుకి సవరణ పంపలేదు. తన వీలునామా మార్చుకున్నాడు. వాలెస్ రెండోవాడుగా నిలబడి అలగలేదు, అది నీకు బోధపడలేదన్నావు. రాజైతే ఒక కాపరి పెళ్ళాం తిడితే తల వంచాడు. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళ గొప్పంతా తల వంచడంలోనే ఉంది. నీకు దక్కింది పేరొక్కటే.

తన కొడుక్కి ఆ పేరు పెట్టనని బెరిల్ చెప్పేసింది. కీత్ అన్న పేరు నాకిప్పుడు వినసొంపుగానే ఉంది.

హెస్టర్

*

విథినీ
జూలై 1961

అక్కయ్య హెస్టర్‌కు,

నీ ఉత్తరంలోని అంశాలకు వరుసగా జవాబిస్తున్నాను.

నా మాటలను బెరిల్ యథాతథంగానే చెప్పింది. సవరణలు లేవు.

శ్రీమతి వౌల్స్‌కు విచారం తెలియజేస్తూ కమిటీ కాగితం మీద, ముద్ర వేసి, తపాలాలో ఉత్తరం పంపాను. ఆమె ఇల్లు మా ఇంటికి ఎదురుగానే ఉన్నప్పటికీ తపాలా ద్వారా పంపడమే సక్రమమని భావించాను. అందులో 'కార్యక్రమ సందర్భంగా ఎవరి మనసైనా నొచ్చుకొని ఉన్నచో' అన్న వాక్యం ఉన్నది. అది ఇతర ఊళ్ళ కమిటీలు కూడా వాడే వాక్యమే. జవాబు రాలేదు. ఈ వారం ఆమె అమ్మిన కోడిగుడ్లు కమిటీ ముద్ర ఉన్న కాగితంలో చుట్టి వచ్చాయని పాదిరీగారి భార్య ఎంతో మర్యాదగా తెలియజేసింది.

ఊరివారు నన్ను ఏమీ అనడం లేదు. ఈ విషయాన్ని ప్రత్యేకంగా నమోదు చేస్తున్నాను. తపాలా కచేరీలో వరుస నాకోసం పక్కకు తప్పుకుంటుంది. కల్లుపాకలోకి వెళ్తే నా బల్ల ఖాళీగా ఉంటుంది; పక్క బల్లలూ ఖాళీ అవుతాయి. కమిటీలో నేను ప్రవేశపెట్టిన తీర్మానాలన్నీ చర్చ లేకుండా నెగ్గుతున్నాయి. పూర్వం కుర్చీలు ఎటు తిప్పాలన్న దానిమీద కూడా గంటసేపు దెబ్బలాడేవారు. ఒక్కరు తిట్టినా బాగుండునని కోరుకునే స్థితికి వచ్చాను.

ఒక అంశం నీ ఉత్తరంలో లేదు; అది బెరిల్‌కు తెలియదు గనుక.

వంతెన కర్ర ఆల్ఫ్ పోవడానికి ముందే విరిగింది. డోర్కస్ స్వయంగా ఆఫీసుకు వచ్చి చెప్పింది. 'మా ఆయన అటే నడుస్తాడు, కాస్త చూడవయ్యా' అన్నది. పరిశీలనలో ఉన్నదని జవాబిచ్చాను. అది పరిశీలనలో ఉండగానే అతడు పడిపోయాడు. తరువాత కూడా దాన్ని బాగుచేయించలేదు. బాగుచేయిస్తే, అది అంతకుముందే విరిగి ఉన్నదని నలుగురికీ గుర్తు చేసినట్లవుతుందని అనిపించింది. ఆమె ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. పండుగనాడు కర్ర పేరు వినగానే మిగతాదేదీ నా చెవినపడలేదు. అందరూ నవ్వుతున్నారు. నవ్వు ఆగితే ఆల్ఫ్ ఎందుకు పడ్డాడో వాళ్ళకు తడుతుందని భయపడ్డాను. ఆగకముందే దాన్ని వేరేవైపు మళ్ళించాలనుకున్నాను. నీళ్ళు మళ్ళించడం నా వృత్తి. మళ్ళించినది ఆమె ఇంట్లోకి వెళ్ళింది.

సిగ్గు అన్న విషయానికి మా ఆఫీసులో ఫైలు లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఆఫీసు నుంచి ఇంటికి, ఇంటినుంచి ఆఫీసుకు మోసుకు తిరుగుతున్నాను.

అప్రన్ ఇంకా నావద్దనే ఉన్నది.

ఆల్ఫ్రెడ్

*

బ్రిస్టల్
ఆగస్టు 1961

తమ్ముడూ,

మగపిల్లాడు. బెరిల్ క్షేమం. పిల్లాడికి నాన్న చెవులొచ్చాయి, ఏడిస్తే అచ్చం అలాగే ఎర్రబడతాయి. ఇంకా పేరు లేదు. 'వాడు' అంటున్నాం. రొనాల్డ్ ఉయ్యాల దగ్గరికెళ్ళి 'కీత్, కీత్' అని గొణుగుతుంటాడు గానీ పిల్లాడు పట్టించుకోవడం లేదు.

నువ్వు రాసిన కర్ర సంగతి బెరిల్‌తో చెప్పలేదు. అది నేను చెప్పాల్సింది కాదు.

నాన్న పనిముట్లు వెనక కొట్టులో పార పక్కనే ఉంటాయి. సుత్తి పిడి ఎటువైపో తెలియకపోతే ఎవర్నైనా అడుగు. ముందు ఆ పని కానీ. తరువాత అప్రన్ తీసుకుని రోడ్డు దాటు. తపాలాలో వెళ్ళకు. కమిటీగా వెళ్ళకు. 'ఉన్నచో' అన్న మాట ఇంట్లో వదిలేసి వెళ్ళు.

అక్కడికి వెళ్ళి ఏం చెప్పాలి అని నన్ను అడగబోతావు. ఏమీ చెప్పకు. ఇన్నేళ్ళ రాచరికంలో నువ్వు చెయ్యాల్సిన పని అదొక్కటే, అదొక్కటే చెయ్యలేదు.

హెస్టర్

*

విథినీ
సెప్టెంబరు 1961

అక్కయ్యా,

కర్ర బిగించాను. బోర్డు అనుమతి లేకుండా, నా చేతులతో. కొంచెం వంకరగా వచ్చింది. బొటనవేలి గోరు నల్లబడింది. నేను మేకులు కొడుతుండగా బరికెలు కోసేవాళ్ళు ఇద్దరు వచ్చి, టోపీలు తీసి, నిలబడి చూశారు. పని పూర్తయ్యాక ఒకడు దాన్ని ఊపి చూసి, మళ్ళీ టోపీ పెట్టుకొని వెళ్ళిపోయాడు. ఊరికి కర్ర సంగతి మొదటినుంచీ తెలుసునని నాకప్పుడు తెలిసింది.

అప్రన్ తీసుకొని రోడ్డు దాటాను. డోర్కస్ తలుపు తీసింది. నన్ను చూసింది, అప్రన్ చూసింది, నల్లబడ్డ గోరు చూసింది. నేను నోరు విప్పలేదు. ఆమె లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు తెరిచే ఉంచి వంటింట్లోకి నడిచింది. పొయ్యి లోపల రొట్టెలు కాలుతున్నాయి. 'కోళ్ళకి మేత వేసొస్తాను. ఇవి చూస్తూ ఉండు' అని పెరట్లోకి వెళ్ళింది.

చూశాను. అక్కయ్యా, ఆ రొట్టెలను చూసినంత శ్రద్ధగా నేను జీవితంలో ఏ కాగితమూ చదవలేదు. పొయ్యి తలుపుకున్న అద్దం ముందు గొంతుక్కూర్చున్నాను. పక్కకు తల తిప్పలేదు. అవి పొంగడం చూశాను. రంగు తిరగడం చూశాను. అంచులు నల్లబడడం మొదలైనప్పుడు అదీ చూశాను. తీయమని ఆమె చెప్పలేదు. చెప్పని పని చేయడం సక్రమమా కాదా అని ఆలోచిస్తున్నాను. పెరట్లో ఉన్న ఆమెను పిలుద్దామనుకున్నాను; కాని మాట్లాడకూడదని నువ్వు రాశావు. పొగ వచ్చింది. దాన్నీ చూశాను.

ఆమె తలుపు తోసుకొని వచ్చి, పొయ్యి తెరిచి, పళ్ళెం బయటికి లాగింది. రొట్టెలు బొగ్గులైపోయాయి.

పళ్ళెం బల్లమీద పెట్టింది. తరువాత మొదలుపెట్టింది.

'నీ ఎదురుగానే కదయ్యా మాడాయి! కళ్ళార్పకుండా చూశావు కదా! చెయ్యి పెట్టి తీస్తే ఏం పోయేది నీకు? ఎవరి సంతకం కావాలి దీనికి?' అన్నది. అక్కడినుంచి ఆగలేదు. వరద, వంటిల్లు, తడిసిన మంచాలు, గుడ్లు చుట్టిన కాగితం, బళ్ళో విందుకు వచ్చి ఆమె వండిన పులుసు నేను వదిలేసిన రోజు, నాన్న మంచితనం, అది నాకు అంటకపోవడం, అన్నీ వచ్చాయి. నేను పొయ్యి ముందు అలాగే కూర్చుని ఉన్నాను. లేవమని ఆమె చెప్పలేదు. చీకటి పడుతున్నా దీపం వెలిగించలేదు.

చివరికి గొంతు తగ్గింది. 'నువ్వన్నది నిజమే. రొట్టెలు చూసుకుంటూ మనిషిని వదిలేశాను. రోజూ పొద్దున్నే పొయ్యి వెలిగించేటప్పుడు నాకు నేనే చెప్పుకుంటాను. ఆ మాట నాది. నీది కాదు. నువ్వెందుకు ఎత్తుకున్నావు?' అన్నది.

నాన్నకు చెవులు ఎర్రబడేవి, నాకు కళ్ళు.

ఆమె రెండు రొట్టెలను కత్తితో గీకి, వెన్న రాసి, ఒకటి నా ముందు పెట్టింది. తిన్నాను. చాలా చేదుగా ఉన్నది. 'కర్ర వంకరగా బిగించావు' అన్నది. తల ఊపాను. 'ఉండనీ. నిలబడుతుంది' అన్నది.

ఈ ఉత్తరం బెరిల్‌కు చదివి వినిపించు. కర్ర సంగతి రాసిన జూలై ఉత్తరం కూడా వినిపించు. పిల్లాడికి ఏ పేరు పెట్టినా నాకు సమ్మతమే. కీత్ కూడా.

నీ తమ్ముడు,
ఆల్ఫ్రెడ్

*

బ్రిస్టల్
సెప్టెంబరు 1961

తమ్ముడూ,

రెండు ఉత్తరాలూ చదివి వినిపించాను. జూలై ఉత్తరాన్ని బెరిల్ నా చేతిలోంచి తీసుకుని తనే మళ్ళీ చదువుకుంది. రెండోది చదువుతుంటే, రొట్టెలు మాడే చోట నవ్వాపుకోలేక పిల్లాణ్ణి నా చేతికిచ్చేసింది. 'మామయ్య మారలేదమ్మా. కానీ ఈసారి కూర్చుని విన్నాడు' అంది.

బాప్తిస్మం మీ చర్చిలోనే. జ్ఞానతల్లిగా నిలబడమని బెరిల్ డోర్కస్‌కి రాసింది. పేరు కూడా ఆమె ఇష్టం. పాదిరీ అడిగినప్పుడు ఆమె నోటివెంట ఏది వస్తే అదే. రొనాల్డ్ ఒక వారం అలిగి ఒప్పుకున్నాడు, ఆమెకి కీత్ అని తట్టకపోతుందా అన్న ఆశతో. డోర్కస్ వస్తానంది. పేరేమిటో ఎవరికీ చెప్పలేదు.

నువ్వు జ్ఞానతండ్రివి కావు. ఆఖరి బల్లమీద కూర్చో. ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాయి. స్థలాభావం అన్నావంటే మోకాళ్ళు ఈడ్చుకుంటూనైనా వస్తాను.

నీ అక్క,
హెస్టర్

*

విథినీ
అక్టోబరు 1961

గౌరవనీయురాలైన అక్కయ్యకు,

కోరిన ప్రకారం పూర్తి నివేదిక.

ఆఖరి బల్లమీద కూర్చున్నాను. చర్చి నిండింది, బాప్తిస్మానికి అంతమంది రావడం నేనెరుగను. పేరేమై ఉంటుందోనని కల్లుపాకలో పందేలు వేసుకున్నారని తరువాత తెలిసింది. పాదిరీగారు బిడ్డను చేతుల్లోకి తీసుకొని, 'ఈ శిశువునకు పేరు పెట్టుడి' అన్నారు. డోర్కస్ వెనక్కి తిరిగి, అన్ని తలల మీదుగా, ఆఖరి బల్లవైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే.

'ఆల్ఫ్రెడ్' అన్నది.

ముందు వరుసలో రొనాల్డ్ నిట్టూర్పు నాకు వినబడింది. నీళ్ళు పడగానే శిశువు ఏడ్చాడు, చెవులు ఎర్రబడ్డాయి, నాన్న గుర్తొచ్చి నేను కాసేపు పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాను.

బయట సమాధుల దగ్గర బెరిల్ నా చేతికి పిల్లాణ్ణిచ్చింది. డోర్కస్ వచ్చి నా పక్కన నిలబడి, వాడి గడ్డం కింద శాలువా సర్దుతూ, 'మరీ సంబరపడకు. ఇది నీ పేరు కాదు. మా ఆయనది. నువ్వు కూడా వాడుకుంటున్నావంతే' అన్నది. అవునన్నాను. పండుగ తరువాత ఆమె ఎదుట నేను పలికిన మొదటి మాట అదే. దానికామె అభ్యంతరం చెప్పలేదు.

వచ్చే ఏడు కాపరి భార్యగా తిరిగి రావడానికి ఆమె ఒక షరతు పెట్టింది. కమిటీ సమావేశంలో ఆమె చెప్పగా నేను రాశాను. సభ్యులు చాలా నెలల తరువాత గట్టిగా దెబ్బలాడుకున్నారు, ఒకరు నన్ను మొద్దు అన్నారు, మనసు తేలికపడింది. అర్ధరాత్రి కావస్తుండగా ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం కింద ఇస్తున్నాను.

'విథినీ గ్రామ పరిధిలో ఆల్ఫ్రెడ్ అని బాప్తిస్మం పొందిన ఏ వ్యక్తియైనను, వేడి పొయ్యి ఎదుట ఉన్నంతసేపు నోరు విప్పరాదు. రొట్టె మాడుచున్నచో మాత్రము, ఎవరి అనుమతికిని ఎదురుచూడక, స్వహస్తములతో బయటికి తీయవలెను. చేతులు కాలుట అభ్యంతరము కాదు. దంతములు ఇంకను రాని ఆల్ఫ్రెడ్లకు మినహాయింపు ఇవ్వవలెనన్న సవరణ వీగిపోయినది. ఈ నిబంధనయే తుది నిబంధన. దీనిపై పరిశీలన ఉండదు.'